తల వంచిన వెలుగు

లారీ వెనక 'యూజ్ డిప్పర్ ఎట్ నైట్' అని రాసి ఉంటుంది. మరి ముందున్న దీపాల సంగతో? అవి అర డిగ్రీ పైకి లేచినా చాలు... ఎదుటివాడి కళ్ల ముందు నుంచి రోడ్డు మాయమైపోతుంది. ఆ అర డిగ్రీని సరిచేసే పనితనం చూడాలంటే పొద్దుగూకాక బెజవాడ ఆటోనగర్‌కి వెళ్లాలి.

సాయంత్రం ఆరున్నర. బందరు రోడ్డు మీద జనం ఇళ్లకు మళ్లే వేళ. ఆటోనగర్ గేటు దాటి లోపలికెళ్తే మాత్రం పని ఇంకా జోరుమీదే ఉంటుంది. ఒక షెడ్డులో రేకు మీద సుత్తి దెబ్బలు. పక్క షెడ్డులో వెల్డింగు మెరుపులు. ఆ పక్కన కొత్త లారీ బాడీకి చెక్కలు బిగిస్తున్న వడ్రంగులు. ఇంకాస్త ముందుకెళ్తే, తలుపు మీద కనకదుర్గమ్మ బొమ్మకి కళ్లు దిద్దుతున్న పెయింటరు. నల్లటి మట్టి, డీజిల్ వాసన, ఇంజనాయిలు మరకలు, అల్లం టీ గ్లాసులు... అదీ ఆటోనగర్.

ఆ సందుల్లో ఒక చిన్న రేకుల షెడ్డు. బోర్డు మీద రంగు వెలిసిపోయి అక్షరాలు సగమే కనిపిస్తాయి. లోపల బ్యాటరీలు, వైర్ల చుట్టలు, పాత డూములు, హారన్లు. షెడ్డు ముందు పొడవాటి ఖాళీ జాగా. దాని చివర సున్నం కొట్టిన గోడ. గోడ నిండా అడ్డంగా, నిలువుగా సుద్దగీతలు. పిల్లలు ఏటేటా ఎంత ఎదిగారో గుమ్మం పక్కన గీసిపెట్టుకుంటారే... అలా ఉంటాయి. పగలంతా ఆ గోడని ఎవరూ పట్టించుకోరు. చీకటి పడ్డాకే దానికి పని.

ఆ రోజు చీకటి పడుతుండగా పది టైర్ల లారీ ఒకటి వచ్చి ఆ షెడ్డు ముందాగింది. గుడివాడ వైపు మిల్లులో బియ్యం బస్తాలు ఎత్తుకుని హైదరాబాద్ వెళ్తోంది. నలభై ఏళ్ల డ్రైవరు కిందికి దూకాడు.

"మేస్త్రిగారూ! లైట్లు ఆనట్లేదండీ. ఇంకాస్త పెద్ద బల్బులు వెయ్యండి" అన్నాడు.

మేస్త్రికి అరవై దాటి ఉంటాయి. కళ్లజోడు నుదుటి మీదకి తోసుకుని లారీ చుట్టూ ఒకసారి తిరిగి వచ్చాడు. దీపాల వంక చూడలేదు. వెనక కమాన్ కట్టల వంక చూశాడు. టైర్లని కాలితో తట్టి చూశాడు.

"లోడెంత?" అన్నాడు.

"ఫుల్లేనండీ."

"కిందటిసారి లైట్లు ఎక్కడ పెట్టించావు?"

"బాడీ పని చేయించినప్పుడండీ. రెండు నెలలైంది."

"అప్పుడు బండి ఖాళీయేగా?"

"ఖాళీయేనండీ."

"మరింకేం!" అంటూ మేస్త్రి స్క్రూడ్రైవరు అందుకున్నాడు. రోగం సగం అక్కడే తెలిసిపోయింది ఆయనకి.

కాలవ గట్టు మీద ఏం జరిగింది?

మిగతా సగం డ్రైవరు నోటి నుంచి టీ తాగుతూ వచ్చింది. అసలతను షెడ్డుకి వచ్చింది లైట్లు ఆనక మాత్రమే కాదు. నాలుగు రోజుల కిందట రాత్రి ఎనిమిదింటప్పుడు గుడివాడ రోడ్డు మీద ఎదురుగా ఒక బైకు వచ్చింది. భార్యాభర్తలు, మధ్యలో చిన్నపిల్ల. లారీ దగ్గరికి రాకముందే బైకు తడబడింది. తారు అంచు దిగి, మట్టిలో జారి, కాలవ గట్టున ఉన్న తుమ్మచెట్టుకి ఆనుకుని ఆగింది. ఇంకో రెండడుగులు పోతే కాలవే!

డ్రైవరు బండి ఆపి పరిగెత్తాడు. తాగి నడుపుతున్నాడేమో అనుకున్నాడట. ఆ తండ్రి పిల్లని ఎత్తుకుని లేచి, వణుకుతూ అన్న మాట ఒక్కటే... "నీ లైట్లకి నాకు రోడ్డే కనపళ్లేదయ్యా!"

"డిమ్ములోనే ఉన్నాయండీ లైట్లు. నేను డిప్పర్ కూడా కొట్టాను" అన్నాడు డ్రైవరు, మేస్త్రికి సంజాయిషీ చెబుతున్నట్టుగా.

మేస్త్రి మారు మాట్లాడలేదు. డ్రైవరు చెప్పింది అబద్ధం కాదని ఆయనకి తెలుసు. దీపం తల పైకి లేచి ఉంటే డిమ్ములో ఉన్నా అది ఎదుటివాడికి బ్రైటే. వెనక ఎంత పెద్ద అక్షరాలతో 'యూజ్ డిప్పర్' అని రాయించుకున్నా ప్రయోజనం లేదు.

మరమ్మతులకో ఊరు

కృష్ణా డెల్టాలో లారీకి ఏ జబ్బు చేసినా దారి ఇటే. విజయవాడ దేశంలోని పెద్ద రహదారుల కూడలి. కోల్‌కతా - చెన్నై దారి, పుణె నుంచి హైదరాబాద్ మీదుగా మచిలీపట్నం వచ్చే దారి ఇక్కడే కలుస్తాయి. పాతతరం డ్రైవర్లకి ఇవి ఐదో నంబరు, తొమ్మిదో నంబరు హైవేలు. 2010లో జాతీయ రహదారుల నంబర్లు మార్చాక 16, 65 అయ్యాయి. షెడ్లలో మాటల్లో మాత్రం పాత నంబర్లు ఇంకా దొర్లుతూనే ఉంటాయి.

లారీలు ఇన్ని వచ్చే ఊళ్లో వాటిని బాగుచేసేవాళ్లూ అంతమంది ఉండాలి కదా! 1960ల్లో మొదలైన జవహర్ ఆటోనగర్ అలా పెరిగిందే. ఛాసిస్‌గా వచ్చిన బండి ఇక్కడ క్యాబిన్, బాడీ, రంగులు, బొమ్మలు తొడుక్కుని లారీగా బయటికెళ్తుంది. ఇంజనుకో మేస్త్రి, గేరుబాక్సుకో మేస్త్రి, కమాన్లకో మేస్త్రి, రేడియేటరుకో మేస్త్రి. ఏ విద్యకి ఆ విద్యే. వాటిలో కరెంటు పని ఒకటి. ఆ కరెంటు పనిలో హెడ్‌లైట్ల సెట్టింగు మరీ చిన్న ముక్క. పెద్ద బిల్లవదు. పదిమందీ చెప్పుకునే పనీ కాదు. ఇంజను బోరుకొచ్చిందంటే యజమాని ఫోను చేసి మరీ కనుక్కుంటాడు. లైట్లు వంకరగా ఉన్నాయంటే 'తర్వాత చూద్దాంలే' అంటాడు. ఎందుకంటే దానివల్ల ఇబ్బంది పడేది తన బండి కాదు... ఎదురుగా వచ్చేవాడు!

దీపం కిందే చీకటంటారు పెద్దలు. లారీ దీపాల విషయంలో ఆ చీకటి దీపం ఎదుట కూడా ఉంటుంది.

బస్తా ఎక్కితే... లైటు లేస్తుంది

లైట్లు బాగుచేయమంటే మేస్త్రి ముందు లోడు సంగతి ఎందుకడిగాడు? అందులో చిన్న లెక్క ఉంది.

లారీ బరువు మోసేది ఎక్కువగా వెనక చక్రాల మీద. బస్తాలు ఎక్కేకొద్దీ వెనక కమాన్లు కుంగుతాయి. వెనక కుంగితే ముందు భాగం పైకి చూస్తుంది. తక్కెడలో ఒక పళ్లెం దిగితే రెండోది లేచినట్టు. ముందు చక్రాలకీ వెనక చక్రాలకీ మధ్య దూరం 5 మీటర్లు అనుకుందాం. ముందుకంటే వెనక 5 సెంటీమీటర్లు ఎక్కువ కుంగితే బండి మొత్తం నూటికి ఒక వంతు పైకి వాలినట్టు. దాంతోపాటే దీపమూను.

లారీ దీపం నేల నుంచి మీటరు ఎత్తులో ఉందనుకుంటే, ఆ వెలుగు నూటికి ఒక వంతు కిందికి వంగి ఉన్నప్పుడు 100 మీటర్ల దూరంలో రోడ్డుని తాకుతుంది. అదే నూటికి ఒక వంతు పైకి లేస్తే? 50 మీటర్ల దూరానికి వెళ్లేసరికి మీటరున్నర ఎత్తులో ఉంటుంది. ఇంచుమించుగా బైకు మీద కూర్చున్న మనిషి కళ్లుండే ఎత్తు అది! డిగ్రీల్లో చెప్పాలంటే అర డిగ్రీకి కాస్త ఎక్కువ, అంతే. దీపం ముందు నిలబడి చూస్తే ఆ తేడా కంటికి ఆనదు. యాభై మీటర్ల అవతల ఒక కుటుంబాన్ని కాలవలోకి తోయడానికి మాత్రం అది చాలు.

ఖాళీ బండికి సరిగ్గా పెట్టిన లైటు, లోడెత్తాక తలెత్తుతుంది. అందుకే అనుభవం ఉన్న మేస్త్రి 'ఏ లోడు మీద తిరుగుతావు?' అని అడిగాకే స్క్రూ ముట్టుకుంటాడు. ఇప్పుడు చాలా కొత్త వాహనాల్లో డాష్‌బోర్డు మీద చిన్న చక్రం ఒకటి ఇస్తున్నారు. దాని మీద 0, 1, 2, 3 అంకెలుంటాయి. లోడు పెరిగేకొద్దీ ఆ అంకె పెంచితే దీపం కిందికి దిగుతుంది. అదేమిటో తెలియక సున్నా దగ్గరే ఏళ్ల తరబడి వదిలేసేవాళ్లు ఎందరో!

గోడ చెప్పే నిజం

చీకటి చిక్కబడింది. మేస్త్రి పని మొదలెట్టాడు. ముందు టైర్లలో గాలి చూపించాడు. ఒక టైరులో గాలి తక్కువున్నా బండి అటు ఒరుగుతుంది, లైటూ ఒరుగుతుంది. తర్వాత లారీని గోడ దగ్గరిదాకా తెప్పించాడు. ఒక్కో దీపం నడిమధ్యకి ఎదురుగా గోడ మీద సుద్దతో గుర్తు పెట్టాడు. ఆ రెండు గుర్తుల్నీ కలుపుతూ అడ్డంగా ఒక గీత. దీపాల ఎత్తు అదన్నమాట.

"ఇప్పుడు వెనక్కి తియ్యి. తిన్నగా!"

లారీ సరిగ్గా 10 మీటర్లు వెనక్కి వెళ్లింది. కుర్రాడు టేపు పట్టి కొలిచాడు. మేస్త్రి మొదటి గీతకి 12 సెంటీమీటర్ల కింద ఇంకో గీత గీశాడు. పది మీటర్లకి పది నుంచి పదిహేను సెంటీమీటర్ల దిగుడు... అదీ ఆయన లెక్క. డ్రైవర్ని సీట్లోంచి దిగొద్దన్నాడు. ఒక దీపం మీద గోనెపట్టా కప్పించాడు. లేకపోతే రెండు వెలుగులూ కలిసిపోయి ఏది ఎక్కడ పడుతోందో తెలియదు.

"డిమ్ము వెయ్యి!"

గోడ మీద వెలుగు పడింది. డ్రైవరు కిటికీలోంచి తొంగి చూసి నోరు తెరిచాడు. వెలుగు కింది గీత దగ్గర లేదు. పై గీత దగ్గరా లేదు. ఇంకా పైన, గోడ అంచు దాటి వెనకున్న వేపచెట్టు కొమ్మల్లో ఉంది!

"రోడ్డు మీద పడాల్సిన లైటు కాకుల గూళ్లలో పెట్టుకుని, ఆనట్లేదంటే ఎట్టా నాయనా?" అన్నాడు మేస్త్రి. షెడ్డులో అందరూ నవ్వారు. డ్రైవరు నవ్వలేదు.

హెడ్‌లైటుకి సాధారణంగా రెండు స్క్రూలుంటాయి. ఒకటి తిప్పితే వెలుగు పైకీ కిందికీ కదులుతుంది. రెండోది తిప్పితే కుడికీ ఎడమకీ. మేస్త్రి ముందు మొదటిది అందుకున్నాడు. పావు చుట్టు... ఇంకో పావు చుట్టు. వేపకొమ్మలు చీకట్లో కలిసిపోయాయి. వెలుగు అంచు గోడ మీద మెల్లగా దిగుతూ వచ్చి కింది గీత మీద ఆగింది. తర్వాత రెండో స్క్రూ.

సరైన దీపం గోడ మీద గుండ్రంగా పడదు. కుడివైపు అంచు కత్తితో కోసినట్టు తిన్నగా ఉంటుంది. ఎడమవైపు కాస్త పైకి లేస్తుంది, మోచేయి వంచినట్టు. మనం రోడ్డుకి ఎడమవైపు నడుస్తాం. కుడివైపు నుంచి ఎదుటి బండ్లు వస్తాయి కనుక అటు వెలుగు తగ్గాలి. ఎడమవైపు నడిచేవాళ్లు, సైకిళ్లు, ఎడ్లబండ్లు ఉంటాయి కనుక అటు కాస్త పెరగాలి. ఆ మోచేతి మడత దీపానికి సూటిగా ఎదురుగా ఉండేలా మేస్త్రి సర్దాడు. కుడివైపుకి నడిచేలా రోడ్లున్న దేశాల కోసం చేసిన దీపం తెచ్చి మన బండికి బిగిస్తే ఈ లెక్కంతా తిరగబడుతుంది. లేచిన వెలుగు సరిగ్గా ఎదుటివాడి మొహాన పడుతుంది.

రెండో దీపం మాట వినలేదు. స్క్రూ తిరుగుతోంది, వెలుగు కదలడం లేదు. డూము విప్పి చూస్తే బ్రాకెట్టు వంగి ఉంది. ఎప్పుడో ట్రాక్టరు ట్రాలీ తగిలిందట. ఇనపతీగతో కట్టేసి తిరుగుతున్నారు. మేస్త్రి దాన్ని విప్పించి, పక్క షెడ్డుకి పంపి సాపు చేయించాడు. తీగతో కట్టిన దీపానికి ఎంత సెట్టింగు చేసినా మొదటి గుంత దగ్గరే మళ్లీ మొదటికొస్తుంది మరి!

పెద్ద బల్బు పెద్ద మందు కాదు

"ఇంతకీ ఏం బల్బులేశావు?" బల్బు బయటికి తీసి కళ్లజోడు కిందికి దించుకుని చూశాడు మేస్త్రి. వంద వాట్లు.

లారీలకి 24 వోల్టుల కరెంటు. వాటిలో మామూలుగా వాడే హెచ్-4 రకం బల్బు బ్రైటుకి 75, డిమ్ముకి 70 వాట్లు తీసుకుంటుంది. లైటు ఆనడం లేదనిపించగానే చాలామంది చేసే మొదటి పని దాన్ని తీసేసి వంద వాట్లది వేయడం. దాంతో వేడి పెరిగి హోల్డరు కరుగుతుంది. వైరు మాడుతుంది. డూములోని అద్దంలాంటి పూత మసకబారి, ఉన్న వెలుగూ పోతుంది. వంకరగా ఉన్న దీపానికి వాట్లు పెంచడమంటే, దారి తప్పినవాణ్ని ఇంకా వేగంగా పరిగెత్తమనడమే.

హెచ్-4 బల్బులో రెండు తీగలుంటాయి. డిమ్ము తీగ కింద గరిటెలాంటి చిన్న రేకు ఉంటుంది. గోడ మీద కత్తితో కోసినట్టు కనిపించే ఆ అంచు దాని పుణ్యమే. వెలుగు పైకి పోకుండా ఆపేది అదే. బల్బు హోల్డరులో ఒక పక్కకి ఒరిగి కూర్చున్నా ఆ అంచు చెదిరిపోతుంది. ఇప్పుడు బజార్లో దొరికే ఎల్ఈడీ బల్బుల్ని పాత డూముల్లో పెట్టినప్పుడు వచ్చే చిక్కు కూడా ఇదే. పాత తీగ ఎక్కడ వెలిగేదో కొత్త దీపం సరిగ్గా అక్కడ వెలగకపోతే, డూము ఆ వెలుగుని అన్నివైపులా చిమ్ముతుంది. నడిపేవాడికి తెల్లగా, గొప్పగా కనిపిస్తుంది. ఎదుటివాడికి మాత్రం ఏమీ కనిపించదు.

పాతకాలంలో హెడ్‌లైటు పై సగానికి నల్లరంగు పూయడం చాలామందికి గుర్తుండే ఉంటుంది. వెలుగు పైకి చిమ్మకుండా అప్పట్లో అదో ఉపాయం. సరైన అంచుతో వచ్చే ఇప్పటి దీపాలకి ఆ అవసరం లేదు. సెట్టింగు సరిగ్గా ఉంటే చాలు.

కన్ను కోలుకునే లోపు...

చీకట్లో కంటిపాప పెద్దదవుతుంది. ఉన్న కాస్త వెలుగునీ పట్టుకోవాలని చూస్తుంది. సరిగ్గా అప్పుడే మొహాన పెద్ద దీపం పడితే పాప ముడుచుకుంటుంది. దీపం దాటిపోయాక మళ్లీ చీకటికి అలవాటు పడడానికి కొన్ని సెకన్లు పడుతుంది. వయసు పెరిగేకొద్దీ ఆ సెకన్లూ పెరుగుతాయి. శుక్లాలు మొదలైన కంటికైతే ఒక్కో దీపం చుట్టూ పెద్ద వెలుగుగూడు కనిపిస్తుంది.

గంటకి 60 కిలోమీటర్ల వేగంతో వెళ్లే బండి సెకనులో దాదాపు 17 మీటర్లు పోతుంది. మూడు సెకన్లు కళ్లు కనపడకపోతే 50 మీటర్లు గుడ్డిగా వెళ్లినట్టే. ఆ యాభై మీటర్లలో ఒక మలుపు ఉండొచ్చు. వెనక లైటు లేని ధాన్యం ట్రాక్టరు ఉండొచ్చు. వాన పడి రోడ్డు తడిగా ఉన్నా, హెల్మెట్ అద్దం మీద గీతలున్నా వెలుగు మరింత చెదిరిపోతుంది.

కేంద్ర రోడ్డు రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో 4,61,312 రోడ్డు ప్రమాదాలు జరిగాయి. 1,68,491 మంది చనిపోయారు. వారిలో నూటికి 44 మందికి పైగా ద్విచక్ర వాహనాల మీద ఉన్నవారే. రోజు మొత్తంలో ప్రమాదాలు ఎక్కువగా జరిగేది సాయంత్రం 6 నుంచి రాత్రి 9 గంటల మధ్య. అన్నిటికీ లైట్లే కారణమని కాదు. కానీ జనం పనుల నుంచి ఇళ్లకు మళ్లేదీ, దీపాలు వెలిగేదీ ఆ వేళలోనే.

నాలుగు వరుసల రహదారి మధ్యలో గన్నేరు, కాగితం పూల మొక్కలు ఉంటాయి. అందం కోసమే అనుకుంటాం. ఎదురు దీపాలకి అవి తెర కూడా. గుడివాడ రోడ్డు లాంటి పాత దారుల్లో ఆ తెర ఉండదు. అక్కడ ఎదుటివాడి కళ్లకి కాపలా మన లైటు వంపు ఒక్కటే.

చట్టం ఈ సంగతి ఎప్పుడో చెప్పింది. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 106వది దీపాల వంపు గురించే. దీపానికి 8 మీటర్ల దూరంలో, కుడివైపు అర మీటరు పక్కన, నేల నుంచి మీటరున్నర ఎత్తులో ఉన్న కంటిని ఆ వెలుగు మిరుమిట్లు గొలపకూడదు. శాశ్వతంగా అలా వంగి అయినా ఉండాలి, లేదంటే డ్రైవరు తనంతట తాను వంచగలిగేలా అయినా ఉండాలి. రవాణా వాహనాలకి ఎనిమిదేళ్ల వరకూ రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా ఫిట్‌నెస్ పరీక్ష ఉంటుంది. అందులో దీపాలూ ఒక అంశమే. యంత్రాలతో పరీక్షించే కేంద్రాల్లోనూ, పెద్ద సర్వీసు సెంటర్లలోనూ దీపం ముందు ఒక పెట్టెలాంటి పరికరం నిలిపి, వెలుగు ఎక్కడ పడుతోందో నిమిషాల్లో చెప్పేస్తారు. చీకటి పడేదాకా ఆగక్కర్లేదు. కానీ రెండు పరీక్షల మధ్య బండి వేల కిలోమీటర్లు తిరుగుతుంది. గుంతలు, కమాన్ల మార్పు, చిన్న చిన్న దెబ్బలు... వీటిలో ఏ ఒక్కటైనా చాలు దీపం తలెత్తడానికి.

మీ బండికీ ఓ గోడ

ఇదంతా లారీల గొడవే అనుకుని పేజీ తిప్పేయకండి. ఇంట్లో కారు, స్కూటరు ఉన్నవాళ్లకీ ఇదే వర్తిస్తుంది. వెనక సీట్లో ముగ్గురు కూర్చుని, డిక్కీ నిండా పెళ్లి సామాను సర్దితే కారు లైటూ లేస్తుంది. బైకు వెనక ఇద్దరెక్కితే హెడ్‌లైటు చెట్ల మీదికి పోతుంది.

అపార్ట్‌మెంట్ సెల్లారులో చదునైన నేల, ఎదురుగా ఓ గోడ ఉంటే చాలు. టైర్లలో గాలి సరిచూసి, రోజూ ఎంతమంది ఎక్కుతారో అంత బరువుతో బండిని నిలపండి. దీపం ఎత్తుని గోడ మీద గుర్తు పెట్టి, పది మీటర్లు వెనక్కి వెళ్లి డిమ్ములో వేసి చూడండి. వెలుగు పై అంచు ఆ గుర్తుకి జానెడు లోపు కిందనే ఉండాలి. గుర్తుని దాటి పైకి పోతే మెకానిక్ దగ్గరికి వెళ్లాల్సిందే. ఎదుటివాళ్లు మాటిమాటికీ మీకు డిప్పర్ కొడుతున్నారంటే, వాళ్లకి పొగరని తిట్టుకునే ముందు మీ లైటుని ఒకసారి అనుమానించండి.

అలాగని మరీ కిందికి దించేయడమూ మంచిది కాదు. మీటరు ఎత్తులోని దీపాన్ని నూటికి నాలుగు వంతులు వంచితే వెలుగు 25 మీటర్లకే నేలని తాకుతుంది. 60 కిలోమీటర్ల వేగంలో అది సెకనున్నర దూరం. ఎదురుగా ఆగి ఉన్న ట్రాక్టరు కనిపించేసరికే మీద పడిపోతాం. ఎదుటివాడికి కళ్లు ఉంచాలి, మనకి దారి ఉండాలి. రెంటి మధ్యా ఉన్న సన్నటి గీతనే మేస్త్రి గోడ మీద వెతికేది.

చివరి పరీక్ష

ఎనిమిదైంది. రెండు దీపాలూ కింది గీత మీద కుదురుకున్నాయి. పాత వాటేజీ బల్బులు మళ్లీ ఎక్కాయి. డూముల అద్దాల మీది మట్టిని తడిబట్టతో తుడిచారు. డ్రైవరు డబ్బులు తీయబోయాడు.

"ఆగు. ఇంకా అయిపోలేదు" అన్నాడు మేస్త్రి. కుర్రాడి వంక తిరిగి, "ఒరేయ్, ఆ స్కూటరేసుకుని రోడ్డు చివరికి వెళ్లి ఎదురుగా రారా" అన్నాడు.

తర్వాత ఆయన చేసిన పని డ్రైవరు ఊహించనిది. లారీ లైట్లు వేయించి, డ్రైవర్ని కిందికి దింపి ఆ స్కూటరు వెనక ఎక్కమన్నాడు. తన లారీ ఎదురుగా వస్తే ఎలా ఉంటుందో అతను ఇన్నేళ్లలో ఎప్పుడూ చూడలేదు మరి. ఎవరు చూస్తారు! స్టీరింగు వెనక కూర్చున్నవాడికి తన వెలుగు రోడ్డు మీదే కనిపిస్తుంది. అది ఎవరి కళ్లలో పడుతోందో కనిపించదు.

వీధి చివర నుంచి స్కూటరు బయల్దేరింది. దూరంగా రెండు దీపాలు. వాటి కింద నేల మీద పరచుకున్న పసుపు వెలుగు. దగ్గరికొస్తున్నకొద్దీ గుంత కనిపించింది. పక్కన పడున్న పాత టైరు కనిపించింది. రోడ్డు దాటుతున్న కుక్క కనిపించింది. చెయ్యి అడ్డం పెట్టుకోవాల్సిన పని రాలేదు.

స్కూటరు దిగిన డ్రైవరు కాసేపు లారీ ముందు అలాగే నిలబడ్డాడు.

"ఆ రోజే ఇది చేయించి ఉంటే..." అన్నాడు చివరికి.

"పిల్ల బాగానే ఉందన్నావుగా?"

"ఉందండీ. మర్నాడు ఊళ్లో కనుక్కున్నాను."

"మరింకేం. పోయి రా" అన్నాడు మేస్త్రి, గోడ మీది గీతలు చెరపకుండానే. రేపు వచ్చే లారీకి ఇంకో ఎత్తు, ఇంకో గీత.

బియ్యం లారీ కదిలింది. వెనక తలుపు మీద ఎర్రక్షరాలు, రెండు నెమళ్లు, నిమ్మకాయలు, మిరపకాయలు. మలుపు దగ్గర ఎదురుగా ఓ బైకు వచ్చింది. భార్యాభర్తలు, ముందు కూర్చున్న పిల్లవాడు. లారీ పక్కగా దాటి, ఎక్కడా తడబడకుండా, డిప్పర్ కొట్టకుండా తమ దారిన తాము వెళ్లిపోయారు.